గనిలో దెయ్యమా, గనే దెయ్యమా?

డెడ్ స్పేస్ ఆటను మెచ్చుకునేవాళ్ళు తప్పుడు కారణానికి మెచ్చుకుంటున్నారు; ఈసడించేవాళ్ళు తప్పుడు కారణానికి ఈసడిస్తున్నారు. ఈ టపా ఇద్దరితోనూ తగువు పెట్టుకోవడానికే. "అబ్బ, ఎంత జడిపించిందో!" అనేది మొదటివారి మాట. "ఛీ, ఎంత రక్తమో!" అనేది రెండోవారి మాట. జడిపించడం, రక్తం చూపించడం ఏ నాసిరకం సినిమాకైనా చేతనవును. ఆ ఆట చేసిన అసలైన మంచిపనీ, అసలైన అన్యాయమూ ఈ కేకల నడుమ ఎవరికంటా పడకుండా పోయాయి. నా వాదన సూటిగా ఇది: ఒక పనివాడి కథగా నడిచినంతసేపూ డెడ్ స్పేస్ గొప్ప ఆట. వీరుడి కథగా మారిన ప్రతిచోటా అది చతికిలబడింది. చిట్టచివర, వేలెత్తి చూపవలసిన చోట చూపకుండా, నేరమంతా ఒక రాతి మీదికి తోసేసి చేతులు దులుపుకుంది.

ముందుగా ఒక అభ్యంతరానికి జవాబు చెప్పుకోవాలి. "పిల్లకాయలు ఆడుకునే కంప్యూటరు ఆటకు సాహిత్య విమర్శ ఏమిటండీ?" అని ముక్కున వేలేసుకునే పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. అయ్యా, మన తోలుబొమ్మలాట ఆటే కదా! సినిమాకు కూడా మొదటి ఆట, రెండో ఆట అనే అంటాం. చూసేవాణ్ణి కాసేపు వేరే లోకంలో నిలిపి రసం పుట్టించేదాన్ని ఆట అని పిలవడం మనకు కొత్త కాదు. రసం పుడుతుందని ఒప్పుకున్నాక, అది నిలిచిందా విరిగిందా అని అడిగే హక్కును కూడా ఒప్పుకోక తప్పదు.

ఇక ఆట తెలియనివారి కోసం కథ నాలుగు ముక్కల్లో. 2008 అక్టోబరులో వచ్చిన ఆట కనుక గుట్టు విప్పానని ఎవరూ నొచ్చుకోరనుకుంటాను. ఇంకా ఆడే ఉద్దేశం ఉన్నవారు ఇక్కడే ఆగిపోవచ్చు.

కథాకాలం 2508. భూమ్మీద ఖనిజాలు అడుగంటాయి. పరాయి గ్రహాలను పగలగొట్టి, ఆ ముక్కలను పైకి లాగి, లోహం పిండుకోవడం పెద్ద వ్యాపారమైపోయింది. అలాంటి గనుల ఓడ ఇషిమురా. ఏజిస్ 7 అనే గ్రహం దగ్గర పనిలో ఉండగా దాని నుండి కబురు ఆగిపోతుంది. ఏదో యంత్రం చెడిపోయి ఉంటుందని మరమ్మతుకు ఒక చిన్న ఓడను పంపుతారు. అందులో వచ్చిన ఇంజనీరు ఐజాక్ క్లార్క్. ఐజాక్ అసిమోవ్ నుండి సగం పేరు, ఆర్థర్ సి. క్లార్క్ నుండి సగం పేరు తెచ్చి అతికించారు. అతని ప్రియురాలు నికోల్ ఆ ఓడలోనే వైద్యవిభాగంలో పనిచేస్తోంది. తీరా వెళ్ళి చూస్తే ఓడలోని వాళ్ళు చాలామంది చచ్చి ఉన్నారు. చచ్చినవాళ్ళు శవాలుగా ఊరుకోక, ఎముకలు కత్తులై పొడుచుకొచ్చిన వికృతరూపాలతో తిరుగుతున్నారు. వీటికి నెక్రోమార్ఫులని పేరు. పన్నెండు అంకాల పాటు ఐజాక్ ఓడను బాగుచేస్తూ, వీటిని నరుకుతూ బయటపడే దారి వెతుకుతాడు. ఈ ఆటను చేసినది ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ వారి రెడ్‌వుడ్ షోర్స్ స్టూడియో. తర్వాతి కాలంలో విసెరల్ గేమ్స్ అని పేరు మార్చుకున్న ఆ స్టూడియో 2017లో మూతపడింది.

అసలు విషయానికి వద్దాం. తుపాకీ ఆటలో భయానకం పుట్టించడం ఎందుకు కష్టమో మన ఆలంకారికులకు ఎప్పుడో తెలుసు. వీరానికి స్థాయీభావం ఉత్సాహం. భయానకానికి స్థాయీభావం భయం. ఇవి రెండూ విరోధి రసాలు. ఒకే మనిషిలో ఒకేసారి నిలవవు. అందుకే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఒక ఉపాయం చెప్పాడు: విరోధి రసాలను కలపవలసి వస్తే ఆశ్రయాలు వేరు చేయమన్నాడు. నాయకుడిలో వీరం ఉంచు, ప్రతినాయకుడిలో భయం ఉంచు, తగువు ఉండదు. కావ్యానికి ఈ ఉపాయం సరిపోతుంది. కాల్పుల ఆటకు సరిపోదు. ఎందుకంటే ఇక్కడ తుపాకీ పట్టినవాడూ, భయపడవలసినవాడూ ఒక్కడే. వాడు కుర్చీలో కూర్చున్న మనమే. చేతికి తుపాకీ ఇస్తే ఉత్సాహం వస్తుంది, భయం పారిపోతుంది. తుపాకీ లాక్కుంటే భయం మిగులుతుంది, కాల్పుల ఆట మిగలదు. 2004లో వచ్చిన డూమ్ 3 ఈ చిక్కుముడి దగ్గరే తడబడి, దీపం పట్టుకుంటే తుపాకీ లేదు, తుపాకీ పట్టుకుంటే దీపం లేదు అనే కిటుకుతో సరిపెట్టుకుంది.

డెడ్ స్పేస్ కనిపెట్టిన ఉపాయం అంతకన్నా లోతైనది. ఇదే దాని మొదటి గొప్పతనం. అది ఐజాక్ చేతికి ఆయుధం ఇవ్వలేదు, పనిముట్టు ఇచ్చింది. ప్లాస్మా కట్టర్ అనేది ఖనిజం కోసే సాధనం. ఆటలోని ఏడు ఆయుధాల్లో పల్స్ రైఫిల్ ఒక్కటే సైనికులది; తక్కినవాటిలో చాలామటుకు గనిలోనో కార్ఖానాలోనో వాడేవే. తలకు గురిపెట్టి కొట్టడం తక్కిన కాల్పుల ఆటలు నేర్పిన విద్య. ఈ ఆటలో ఆ విద్య పనికిరాదు. తల పోయినా నెక్రోమార్ఫు ఆగదు. కాళ్ళూ చేతులూ కోయాలి. కట్టర్ గీత అడ్డంగా పడాలా నిలువుగా పడాలా అని ప్రతిసారీ చూసుకుని, మణికట్టు తిప్పి, కొలత చూసి కోయాలి. మీదికి దూకుతున్న మృత్యువు ముందు నిలబడి కొలత చూసుకోవడంలో ఉత్సాహం ఎక్కడిది? అది వడ్రంగి ఏకాగ్రత. వీరం స్థానంలో పనిని కూర్చోబెట్టడం వల్ల భయానికి చోటు దొరికింది. ఆనందవర్ధనుడికి ఈ ఆట చూపించగలిగితే ఈ ఉపాయానికి తప్పక తలూపి ఉండేవాడు.

రెండో గొప్పతనం, తెర మీద అంకెలూ గీతలూ లేకపోవడం. ఐజాక్ ప్రాణం ఎంత మిగిలిందో అతని వెన్నెముక వెంట వెలిగే దీపాల వరుసే చెబుతుంది. ఎన్ని తూటాలున్నాయో ఆయుధం మీదే కాంతిగా వెలుగుతుంది. సంచీ తెరిస్తే అతని ముందు గాలిలో బొమ్మగా తెరుచుకుంటుంది. తెరిచినంత మాత్రాన ఆట ఆగదు. మనం మందు వెతుక్కుంటుంటే వెనకనుండి వచ్చేది వస్తూనే ఉంటుంది. ఇది సోకు కాదు. ఆటకూ ఆడేవాడికీ మధ్యనుండే అద్దం తీసేశారు. తప్పించుకుని తలదాచుకునేందుకు ఇక పక్కగది లేదు.

మూడోది చప్పుడు. 2009లో బ్రిటిష్ అకాడెమీ వారి బాఫ్టా పురస్కారాల్లో ధ్వని వినియోగానికీ, జేసన్ గ్రేవ్స్ కూర్చిన సంగీతానికీ కూడా ఈ ఆటే గెలిచింది. ఆ గౌరవం అర్హమైనదే. అయితే నాకు గొప్పగా తోచినది చప్పుడు కన్నా చప్పుడు లేకపోవడం. గాలి లేని చోట్లకు వెళ్ళినప్పుడు అంతా మూగబోతుంది. ఐజాక్ ఊపిరి, గుండె, బూట్ల అదురు తప్ప మరేదీ వినబడదు. వీపు మీద గాలి లెక్క ఒక్కొక్కటే తగ్గుతుంటుంది. పక్కన ఏది వచ్చినా చెవి చెప్పదు. శూన్యంలో శబ్దం ప్రయాణించదన్న బడి పాఠాన్ని ఇంత భయానకంగా చెప్పిన సినిమాలు కూడా అరుదు. విజ్ఞానకల్పనకు ఇదే కదా కొలత! సైన్సు అలంకారంగా ఉందా, భయానికి అదే కారణంగా ఉందా?

నాలుగోది, అయిదో అంకంలో వచ్చే వేటగాడు. మతి చలించిన వైద్యుడు మెర్సర్ తయారుచేసిన ఆ జీవికి ఎన్నిసార్లు చేయి నరికినా మళ్ళీ మొలుస్తుంది, రామరావణ యుద్ధంలో రావణుడి తలల మాదిరిగా. ఆట అంతవరకూ మనకు నేర్పిన విద్య మొత్తం ఒక్క క్షణంలో చెల్లకుండా పోతుంది. కోసి, నెమ్మదింపజేసి, పరుగెత్తి, చివరికి గడ్డకట్టించే గదిలో బంధించాలి. కాల్పులతో తీరని భయం ఒకటి ఉందని ఆటే ఒప్పుకున్న ఘట్టం అది. ఈ ఒప్పుకోలును గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

పొగడ్త అయింది. ఇక అభియోగాలు.

మొదటి అభియోగం: దొంగ కరువు. ఈ జాతి ఆటలకు ప్రాణం కొరత. చేతిలో నాలుగే తూటాలు, ముందు ఆరు శత్రువులు, ఇప్పుడెలా? ఆ లెక్కే భయం. మాది వేంపల్లె. కరువు లెక్క మాకు ఒకరు నేర్పనక్కరలేదు. బిందెలో ఎన్ని చెంబులున్నాయి, బోరు ఎన్నాళ్ళు వస్తుంది, పశువుకా చెట్టుకా మనిషికా అని లెక్క వేసుకోవడం ఈ నేల మీద పుట్టినవాడికి ఉగ్గుపాలతో వస్తుంది. అందుకే మాకు అసలు కరువూ దొంగ కరువూ తేడా తొందరగా తెలుస్తుంది. డెడ్ స్పేస్‌లో కరువు దొంగది. మన దగ్గర ఏ ఆయుధముంటే దానికి సరిపడే తూటాలే పెట్టెల్లోనూ శవాల దగ్గరా దొరుకుతాయి. ఒక్క ప్లాస్మా కట్టర్‌తో మాత్రమే తిరిగితే అన్నీ దాని తూటాలే రాలతాయి. ఆ ఒక్క పనిముట్టుతోనే ఆట ముగించినవాడికి ఒక బిరుదు కూడా పెట్టారు. అది కఠోర తపస్సేమీ కాదని ఆడినవారికి తెలుసు. గోడల్లో అంగళ్ళు కూడా ఉన్నాయి. డబ్బు ఏరుకుని తూటాలు కొనుక్కోవచ్చు. ఊరంతా శవాలైన ఓడలో కొట్టు మాత్రం తెరిచే ఉంటుందన్నమాట! ఆడేవాడు ఎక్కడ విసుగుచెంది లేచిపోతాడోనన్న బెంగతో వెనకనుండి ఒకరు చెంబుతో నీళ్ళు పోస్తుంటారు. ఒకసారి ఆ చేయి కంటబడిందా, ఇక దాహం వేయదు.

రెండో అభియోగం: ఉలికిపాటును భయమనుకోవడం. గోడలో గాలి గొట్టం మూత కనిపిస్తే అందులోనుండి ఏదో దూకుతుంది. నేల మీద శవం అంగాలన్నీ పదిలంగా ఉంటే అది లేస్తుంది. మూడు అంకాలు గడిచేసరికి ప్రతి ఆటగాడూ ఈ వ్యాకరణం నేర్చుకుని, దారిలో కనిపించిన ప్రతి శవానికీ ముందుజాగ్రత్తగా ఒక కాలు కోసి ముందుకు పోతుంటాడు. భయపడవలసినవాడు తనిఖీదారుడైపోతాడు. బీభత్సం నుండి భయానకం పుడుతుందని భరతుడు చెప్పిన మాట నిజమే. పుట్టాలి, పెరగాలి. ఇక్కడ చాలాచోట్ల బీభత్సం పుట్టినచోటే ఆగిపోయింది. జుగుప్స అలవాటైతే మిగిలేది చిరాకు.

మూడో అభియోగం: పనివాణ్ణి అప్పుడప్పుడు వీరుణ్ణి చేయబోవడం. నాలుగో అంకంలో ఐజాక్ ఒక పెద్ద ఫిరంగి వెనక కూర్చుని ఓడ మీదికి వస్తున్న ఉల్కలను పేల్చాలి. తిరునాళ్ళలో బెలూన్లు కాల్చే అంగడి అది! అంతవరకూ కూడగట్టిన భయమంతా అక్కడ ఆవిరైపోయింది. ఎనిమిదో అంకంలో మళ్ళీ ఫిరంగి. చివరి అంకంలో కొండంత జీవి ఎదురుపడుతుంది, దాని ఒంటి మీద ఎక్కడ కొట్టాలో పసుపుపచ్చగా వెలుగుతూ ఉంటుంది. కొండంత జీవి కన్నా చీకటి నడవాలో ఎక్కడో ఒక బోల్టు దొర్లిన చప్పుడు ఎక్కువ భయపెట్టింది. గొంతు పెంచితే భయం పెరగదు. కథ చెప్పే ఏ అవ్వనడిగినా చెబుతుంది, దెయ్యం వచ్చే చోట గొంతు తగ్గించాలని.

ఈ సందర్భంలో ఐజాక్ మౌనం గురించి. మొదటి ఆటలో అతను ఒక్క మాట మాట్లాడడు. హమ్మండ్ ఒకవైపు, కెండ్రా ఒకవైపు రేడియోలో "అది బాగుచెయ్యి, ఇది తీసుకురా" అని పురమాయిస్తుంటే పోయి చేసుకొస్తుంటాడు. విమర్శకులు చాలామంది ఈ పరుగులను విసుగన్నారు, మౌనాన్ని లోపమన్నారు. పరుగుల విషయంలో వాళ్ళతో ఏకీభవిస్తాను. ఒకే రకం పని పన్నెండు అంకాల్లో మరీ ఎక్కువసార్లు వస్తుంది. మౌనం విషయంలో ఏకీభవించను. పై నుండి ఉత్తరువులు, కింద పనివాడు, జవాబు చెప్పే వీలు లేదు. గనుల్లో, కార్ఖానాల్లో ఉన్న ఏర్పాటు ఇదే. ఆ మౌనం ఈ ఆటలోకెల్లా నిజమైన విషయం.

ఇప్పుడు అసలు అభియోగం. దీనికి ఆరో అంకాన్ని సాక్ష్యంగా పిలుస్తాను. ఓడలో మొక్కలు పెంచి గాలి తయారుచేసే విభాగం ఉంది. అక్కడ గాలి విషమవుతోంది. ఇంతకన్నా భయానకమైన ఊహ ఉంటుందా? ప్రాణం నిలిపేదే ప్రాణం తీస్తోంది, రంగు లేదు, ముఖం లేదు, పారిపోవడానికి చోటు లేదు. ఆట ఏం చేసిందో చూడండి. గాలిని పాడుచేసేవి ఫలానా ఎనిమిది జీవులు, వెతికి కాల్చిపారేయమంది. ఎనిమిదీ చచ్చాయి, గాలి బాగుపడింది. విషానికి కాళ్ళూ చేతులూ తగిలించి, కోసి, పని అయిపోయిందనిపించింది.

నేను వేంపల్లెవాణ్ణని చెప్పానుగా. భూగర్భశాస్త్రంలో మా ఊరి పేరుతో ఒక రాతిపొర ఉంది. కడప శిలల్లో పాపఘ్ని సమూహానికి చెందిన ఆ పొర వయసు రెండు వందల కోట్ల యేళ్ళకు అటూఇటూ. మా వైపు ఆ పొరల్లోనే రాతినార, ముగ్గురాయి తవ్వారు. ఆ పొరలోనే యురేనియం కూడా ఉంది. తుమ్మలపల్లె గని, శుద్ధి కర్మాగారం 2012 నుండి పనిచేస్తున్నాయి. రాతినార సంగతి వైద్యులందరికీ తెలిసినదే. ఆ ధూళి పీల్చినవాడికి ఆ రోజు ఏమీ కాదు. మరుసటేడూ ఏమీ కాదు. పదేళ్ళో, ఇరవై యేళ్ళో, నలభై యేళ్ళో గడిచాక, పని మానేసి మనవళ్ళను ఆడించే వయసులో, ఊపిరి అందడం మానేస్తుంది. మన ప్రభుత్వం 1986లో రాతినార గనులకు కొత్త లీజులు ఇవ్వడం ఆపేసింది. తుమ్మలపల్లె కర్మాగారం వ్యర్థాల చెరువు దగ్గరి ఊళ్ళవాళ్ళు బోరునీళ్ళు పాడయ్యాయని, అరటితోటలు దెబ్బతిన్నాయని ఫిర్యాదులు చేశారు. సంస్థ అది తమవల్ల కాదంది. ఎవరి మాట నిజమో తేల్చడం నా పనీ కాదు, ఈ టపా పనీ కాదు. నేను చెప్పేది రససంబంధమైన మాట. గ్లాసులో నీళ్ళున్నాయి. చూస్తే తేటగా ఉన్నాయి. తాగాలా వద్దా? ఈ ప్రశ్న ముందు ప్లాస్మా కట్టర్ దేనికి పనికొస్తుంది? దేన్ని కోస్తావు?

గని పుట్టించే భయం స్వభావం అది. అది గోడ చిల్లులోనుండి దూకదు. నెమ్మదిగా వస్తుంది, లెక్కల్లో వస్తుంది, ఆలస్యంగా వస్తుంది. గనుల ఓడను కథాస్థలంగా ఎంచుకున్న ఆట, గ్రహాన్ని చీల్చి పేగులు లాగే వ్యాపారాన్ని అంత అద్భుతంగా చిత్రించిన ఆట, ఆ భయాన్ని ఒక్కసారైనా ముట్టుకోవాలి కదా!

ముట్టుకోకపోగా పక్కకు తోసింది. ఇంత చావుకు కారణమెవరు? ఆట చెప్పే జవాబు: మార్కర్ అనే ఒక వింత శిల. దాన్ని దేవుడనుకునే యూనిటాలజీ అనే మతం. ఆ శిలను రహస్యంగా తయారుచేసి అక్కడ వదిలిన ప్రభుత్వం. ఏజిస్ 7 తవ్వకూడదని నిషేధించిన గ్రహం. అక్కడ దొంగతనంగా తవ్వుతున్నది ఓ పెద్ద గనుల కంపెనీ వారి ఓడ. మరి ఆ కంపెనీ ఏమైంది? ఎక్కడా పత్తా లేదు. పన్నెండు అంకాల్లో కంపెనీ మనిషి ఒక్కడూ నిలబడి జవాబు చెప్పడు. ఒక రాయి వల్ల మనుషులకు పిచ్చెక్కింది, పిచ్చి వల్ల చావు వచ్చింది, రాయిని తిరిగి గ్రహం మీద పెడితే సరి. చేసినవాళ్ళుండగా నేరాన్ని గ్రహచారం మీదికి నెట్టడం మనకు తెలియని విద్యేమీ కాదు. గనిలో పైకప్పు కూలినా, పేలుడుమందు ముందే పేలినా "వాడి రాత" అనడం మన చుట్టూ వింటున్నదే. 2508లో కూడా "రాత" బదులు "రాయి" అన్నారు, అంతే తేడా.

ఇంకొక చిన్న విషయం, చిన్నదిగా కనిపించే పెద్ద విషయం. మన పల్లెల్లో ఎవరికైనా దెయ్యం పట్టిందంటే మొట్టమొదట అడిగే ప్రశ్న ఏమిటి? "ఎవరు నువ్వు? ఏం కావాలి నీకు?" దెయ్యమైనా సరే, దానికో పేరుంటుంది, ఒక తీరని కోరిక ఉంటుంది, ఎవరో చేసిన అన్యాయం ఉంటుంది. నెక్రోమార్ఫులు ఎవరు? నిన్నటిదాకా ఆ ఓడలో గనిపని చేసినవాళ్ళు, వంటవాళ్ళు, నర్సులు. ఒంటి మీద చిరిగిన పనిబట్టలు ఇంకా ఉన్నాయి. అక్కడక్కడా దొరికే ధ్వని రికార్డుల్లో వాళ్ళ గొంతులున్నాయి, భయాలున్నాయి. ఆ గొంతుకూ ఈ ఒంటికీ ముడి వేసే పని ఆట దాదాపుగా చేయదు. ఎదురొచ్చిన దేహం పేరు లేని మాంసం. దాన్ని కాలితో తొక్కడానికి ఒక మీట కూడా ఇచ్చారు. నికోల్ విషయంలో మాత్రం ఆట ఈ పని చేసింది. పన్నెండు అంకాల ఆంగ్ల శీర్షికల మొదటి అక్షరాలు వరుసగా చదివితే నికోల్ చనిపోయిందనే వాక్యం వస్తుంది. ఐజాక్ చివరిదాకా ఒప్పుకోని నిజాన్ని ఆట మొదటినుండీ చెబుతూనే ఉంది. ఒక్క చావుకు ఇంత శ్రద్ధ పెట్టగలిగిన చేయి, తక్కిన చావులకు తూటాలు రాల్చే సంచుల విలువ ఇచ్చిందే అనేదే నా బాధ.

దీనికి ఆట అభిమానులు చెప్పే జవాబు నాకు తెలుసు. "ఇది కాల్పుల ఆట. కాల్చడానికి ఏదో ఒకటి ఉండాలి. కనిపించని విషాన్ని ఎలా ఆడతాం? నువ్వడిగేది డాక్యుమెంటరీ." కాదండీ. నేనడిగేది ఆ ఆట తనంతట తాను చేసి చూపించినదే. గాలి లేని నడవలో శత్రువు లేకపోయినా ఊపిరి బిగబట్టి ఆడలేదా? ఓడలో ఒకచోట ఒక మనిషి గోడకు తల బాదుకుంటూ చచ్చిపోతాడు. అక్కడ కాల్చేదేమీ లేదు, చూడటం తప్ప చేసేది లేదు. ఆట ముగించి యేళ్ళు గడిచినా ఆ దృశ్యం గుర్తుంటుంది, ఉల్కలు గుర్తుండవు. చావని వేటగాడి ముందు కాల్పులు చెల్లవని ఒప్పుకున్నది ఆటే కదా! గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. చేతనైనప్పుడు చేసి, కీలకమైన చోట మానేసినవాణ్ణి అడుగుతాం. చేతకానివాణ్ణి అడగం.

తర్వాతి భాగాల చరిత్ర నా వాదానికే సాక్ష్యం. 2011లో వచ్చిన రెండో ఆటలో ఐజాక్‌కు గొంతు వచ్చింది, అపరాధభావం వచ్చింది. అది మంచి ఆటే, అయితే హోరు పెరిగింది. 2013లో వచ్చిన మూడో ఆటలో తుపాకులు పట్టిన మనుషులతో పోరాటాలు, తోడుగా ఆడేందుకు ఇంకో వీరుడు, అన్ని ఆయుధాలకూ ఒకే రకం తూటాలు. భయంలో సగం ఒంటరితనం, తక్కిన సగం కొరత. రెండూ పోయాయి. అది చాలక, ఆటలో కావలసిన సరుకును నిజమైన డబ్బుతో కొనుక్కునే ఏర్పాటు కూడా పెట్టారు. కరువు సృష్టించి ట్యాంకరు నీళ్ళు అమ్మే వ్యాపారం మాకు కొత్త కాదు కానీ, దాన్ని వినోదమని పిలవడం మాత్రం అప్పుడే విన్నాం. వీరరసం భయానకాన్ని పూర్తిగా మింగేసింది. ఆ తర్వాత దాదాపు పదేళ్ళు ఆ పేరుతో కొత్త ఆటే రాలేదు.

2023 జనవరిలో మోటివ్ స్టూడియో మొదటి ఆటను కొత్తగా కట్టి విడుదల చేసింది. న్యాయంగా మాట్లాడాలి కాబట్టి చెబుతున్నాను, చాలా తప్పులు దిద్దారు. ఐజాక్ ఇప్పుడు మాట్లాడతాడు. మౌనం పోయినందుకు నాకు కొంచెం వెలితిగా ఉన్నా, ఉత్తరువులు మోసే మనిషి కాస్తా తానే ఆలోచించి పని చేసేవాడయ్యాడు. ఉల్కల అంగడిని తీసేసి, ఐజాక్‌ను ఓడ బయటికి పంపి ఫిరంగులను ఒక్కొక్కటిగా సరిచేయించారు. వీరుడి పని మళ్ళీ పనివాడి పని అయింది. ఓడంతా తెంపు లేకుండా ఒకే ఇల్లుగా నడుస్తుంది. ఇన్ని దిద్దినవాళ్ళు కూడా ఆరో అంకం విషాన్ని అలాగే ఉంచారు. ఇప్పటికీ గాలి కాల్పులతోనే బాగుపడుతుంది. కంపెనీ ఇప్పటికీ బోనులోకి రాలేదు. బొమ్మలు ఎంతో అందంగా వచ్చాయి, రాయి మాత్రం నేరం మోస్తూనే ఉంది.

కాబట్టి నా తీర్పు ఇది. డెడ్ స్పేస్ ఆడవలసిన ఆట. చీకట్లో, చెవులకు మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడవలసిన ఆట. పనిముట్టును ఆయుధం చేసి, వీర భయానకాల పాత వైరాన్ని అంత తెలివిగా తీర్చిన కాల్పుల ఆట నాకు మరొకటి కనబడలేదు. అయితే దాన్ని భయానకానికి పరాకాష్ఠ అని ఎవరైనా అంటే ఒప్పుకోను. కాల్చి చంపగలిగే భయం భయంలో తేలిక రకం. ఆట కట్టేశాక ఇంట్లో దీపం వేసుకుని హాయిగా నిద్రపోతాం, ఎందుకంటే ఆ జీవులు లేవని తెలుసు. గని ఉంది. ధూళి ఉంది. లీజు కాగితం మీద సంతకం చేసినవాడు ఉన్నాడు. వీటిని భయానకంగా చూపించే ఆట ఇంకా రావలసే ఉంది.

అది ఎక్కడినుండి రావాలి? గనుల ఓడను ఊహించుకోవలసిన కాలిఫోర్నియా నుండే రావాలని లేదు. మా ఊరి పేరును తమ పేరు ముందు పెట్టుకున్న ఇద్దరు కథకులు, వేంపల్లి గంగాధర్ 2011లోనూ వేంపల్లి షరీఫ్ 2012లోనూ, కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారం అందుకున్నారు. మొలకల పున్నమి, జుమ్మా కథల్లో కొమ్ములున్న రాక్షసులెవరూ లేరు, ఈ నేలా ఈ మనుషులే ఉన్నారు. మా ఊరికి కూతవేటు దూరంలో ఇడుపులపాయలో 2008లో, అంటే డెడ్ స్పేస్ వచ్చిన యేడాదే, ట్రిపుల్ ఐటీ మొదలైంది. కథ చెప్పగలవాళ్ళు ఉన్నారు, కంప్యూటరు తెలిసిన పిల్లలు ఉన్నారు, రెండు వందల కోట్ల యేళ్ళ రాయి కాళ్ళ కిందే ఉంది. ఆ ఆటలో ఆటగాడి చేతికి తుపాకీ ఇవ్వకండి. ఒక గ్లాసు నీళ్ళివ్వండి. తాగాలో వద్దో వాణ్ణే తేల్చుకోమనండి.

డెడ్ స్పేస్ భక్తులు ఎవరైనా ఆరో అంకాన్ని సమర్థించగలిగితే సమర్థించండి. వినడానికి సిద్ధంగా ఉన్నాను.